మిడ్‌సైజ్ పికప్‌తో క్యాంపర్ ట్రెయిలర్ లాగడం

పడక, పొయ్యి, నీళ్ల ట్యాంకు, కొన్నిట్లో మరుగుదొడ్డి కూడా ఉండే చక్రాల గదిని క్యాంపర్ ట్రెయిలర్ అంటారు. దానికి సొంత ఇంజిను ఉండదు, మరో బండి వెనక తగిలించుకుని తీసుకెళ్లాలి. అమెరికాలో ఈ పనికి చాలాకాలంగా ఫోర్డ్ ఎఫ్-150 తరహా పెద్ద పికప్ ట్రక్కులను వాడుతున్నారు. వాటికన్నా ఒక మెట్టు చిన్నవైన టొయోటా టకోమా, షెవ్రొలే కొలరాడో, ఫోర్డ్ రేంజర్, నిస్సాన్ ఫ్రాంటియర్, జీప్ గ్లాడియేటర్, హోండా రిడ్జ్‌లైన్ వంటివి మిడ్‌సైజ్ పికప్‌లు. వారమంతా ఆఫీసుకు, సెలవుల్లో అడవికి ఒకే బండి సరిపోవాలనుకునే కుటుంబాలు వీటివైపు మొగ్గుతాయి. కంపెనీ చెప్పే గరిష్ఠ లాగుడు సామర్థ్యం రిడ్జ్‌లైన్‌కు 5,000 పౌండ్లు (సుమారు 2,270 కిలోలు), తగిన హంగులున్న కొలరాడోకు 7,700 పౌండ్లు (సుమారు 3,490 కిలోలు). మిగిలినవి దాదాపు ఈ రెంటి మధ్యే ఉంటాయి. ఈ ఒక్క అంకె చూసుకుని ట్రెయిలర్ కొన్నవాళ్లకే చిక్కులు ఎక్కువ.

ఎందుకంటే లాగడం అంత కష్టమైన పని కాదు. 1947లో ఆల్ఫ్రెడ్ లెటూర్నర్ అనే ఫ్రెంచి సైకిల్ పందేల వీరుడు ఒక ఎయిర్‌స్ట్రీమ్ ట్రెయిలర్‌ను సైకిల్‌కు కట్టి లాగాడు. తమ ట్రెయిలర్ ఎంత తేలికో చూపడానికి కంపెనీ ఆ ఫొటోను ప్రచారానికి బాగా వాడుకుంది. చదును నేల మీద చక్రాలున్నదాన్ని కదిలించడానికి మనిషి కాళ్లు చాలునన్నమాట. ఆ సైకిలు మోయలేనిది, ఎదురుగాలిలో ఈడ్వలేనిది, దిగుడు రోడ్డు మీద ఆపలేనిది కూడా అదే ట్రెయిలర్. చిన్న పికప్‌కు ఎదురయ్యే పరీక్షలూ ఆ మూడే.

నొగ బరువు

రెండు చక్రాల ఎడ్లబండిలో బస్తాలన్నీ వెనక్కి వేస్తే నొగ పైకి లేచి ఎడ్ల మెడలను లాగేస్తుంది. అన్నీ ముందుకు వేస్తే కాడి వాటి మెడలను అణగదొక్కుతుంది. క్యాంపర్ ట్రెయిలర్‌దీ ఇదే లెక్క. దాని ముందు కొస ట్రక్కు వెనకున్న హిచ్ బాల్ మీద మోపే బరువును టంగ్ వెయిట్ అంటారు, మన మాటలో నొగ బరువు. ట్రెయిలర్ మొత్తం బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలన్నది అమెరికాలో పాటించే కొలత. అంతకు తగ్గితే వేగం పెరిగేకొద్దీ ట్రెయిలర్ పాములా ఊగడం మొదలుపెడుతుంది. బరువు ఎక్కువైతే ట్రక్కు వెనక భాగం కుంగుతుంది, ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగు తేలిపోతుంది.

నొగ బరువు ట్రక్కు మోసే సరుకు కిందికే వస్తుంది. డ్రైవరు తలుపు తెరిస్తే చట్రం మీద ఒక చీటీ కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని అందులో రాసి ఉంటుంది. దీన్నే పేలోడ్ అంటారు. అదే మోడల్లో రెండు బళ్లకు కూడా ఈ అంకె ఒకటిగా ఉండనక్కర్లేదు, హంగులు పెరిగేకొద్దీ పేలోడ్ తగ్గుతుంది. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. చీటీ మీద 545 కిలోలు ఉంది. సామానుతో కలిపి 2,040 కిలోల ట్రెయిలర్ కట్టారు, నొగ బరువు 13 శాతం చొప్పున 265 కిలోలు. హిచ్ సరంజామా 35 కిలోలు. నలుగురు మనుషులు 270 కిలోలు. వెనక తొట్టిలో ఐసు పెట్టె, జనరేటరు, కట్టెలు కలిపి 90 కిలోలు. మొత్తం 660. ట్రెయిలర్ బరువు లాగుడు పరిమితికి ఎంతో లోపలే ఉన్నా, ట్రక్కు మీద మాత్రం 115 కిలోలు ఎక్కువ పడ్డాయి. మిడ్‌సైజ్ పికప్‌లలో ముందు అడ్డుపడేది సాధారణంగా ఇంజిను కాదు, ఈ చీటీయే.

అమ్మకందారు చూపించే ఖాళీ బరువును నమ్ముకుంటే ఇంకో పొరపాటు. నీళ్లు, గ్యాసు సిలిండర్లు, గిన్నెలు, దుప్పట్లు ఆ లెక్కలో ఉండవు. 30 గ్యాలన్ల ట్యాంకు నింపితే నీళ్లే 113 కిలోల పైమాట. ట్యాంకు ఇరుసుకు ముందుందా, వెనకుందా అన్నదాన్ని బట్టి నొగ బరువు కూడా మారిపోతుంది. లారీలు ఆగే ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే కాటాలుంటాయి. అన్నీ సర్దుకున్నాక ఒకసారి దాని మీద తూయించుకుంటే ఊహలతో పని ఉండదు.

డేవిస్ డ్యామ్ ఎక్కుడు

ఒకప్పుడు లాగుడు సామర్థ్యం కంపెనీలు ఎవరికి తోచినట్టు వారు వేసుకున్న అంకె. ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ 2008లో జె2807 అనే ప్రమాణం తెచ్చింది. దాన్ని మొదట పాటించిన కంపెనీ టొయోటా, 2011 మోడళ్లతో. అందులోని ప్రసిద్ధమైన పరీక్ష ఆరిజోనాలో, కొలరాడో నది మీది డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే ఎక్కుడు రోడ్డుది. బుల్‌హెడ్ సిటీ వైపునుంచి 11.4 మైళ్ల ఎడారి దారి. వేడి 100 డిగ్రీల ఫారన్‌హీట్ (38 సెల్సియస్), ఏసీ పూర్తిగా వేసి ఉండాలి, వేగం గంటకు 40 మైళ్లకు తగ్గకూడదు. ఈ ప్రమాణంలో బండిలో ఉన్నట్టు లెక్కించేది ఇద్దరినే, మనిషికి 68 కిలోల చొప్పున. పిల్లలనూ కుక్కనూ తీసుకెళ్లే ఇంటికి ఆ అంకె వర్తించదని అక్కడే తేలిపోతుంది.

కొండల్లో ఇంకో సంగతి. టర్బో లేని ఇంజిను ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు దాదాపు 3 శాతం శక్తి కోల్పోతుంది. కొలరాడో రాష్ట్రంలో ఐ-70 రహదారిపై ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల పైన ఉంది. అక్కడికి చేరేసరికి శక్తిలో మూడో వంతు పోయినట్టే. రేంజర్, కొలరాడో, కొత్త టకోమా టర్బోకు మారాక ఈ బాధ బాగా తగ్గింది.

ఎదురుగాలికి మాత్రం టర్బో మందు కాదు. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గోడలా నిలువుగా ఉన్న పెద్ద ట్రెయిలర్ కడితే పెట్రోలు ఖర్చు రెట్టింపు కావడం మామూలే. అందుకే ఈ తరగతి ట్రక్కులకు బరువు కంటే ఆకారం ముఖ్యమని అనాలి. మడత విప్పే పాప్-అప్‌లు, నీటిబొట్టు ఆకారపు టియర్‌డ్రాప్‌లు, మిన్నెసోటాలో స్కాంప్, టెక్సస్‌లో కాసిటా తయారుచేసే గుడ్డులాంటి ఫైబర్‌గ్లాస్ ట్రెయిలర్లు వీటికి చక్కగా అమరుతాయి.

హిచ్, బ్రేకులు

కుంగిన వెనక భాగాన్ని సరిచేయడానికి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ వాడతారు. దాని రెండు స్ప్రింగు కడ్డీలు నొగ బరువులో కొంత ట్రక్కు ముందు చక్రాలకు, కొంత ట్రెయిలర్ ఇరుసుకు మళ్లిస్తాయి. ఇది బరువును పంచుతుందే తప్ప కంపెనీ పెట్టిన పరిమితిని పెంచదు. కొన్ని బళ్లకు దీన్ని వాడవద్దని మాన్యువల్లోనే రాసి ఉంటుంది కాబట్టి ముందు అది చూడాలి.

ట్రెయిలర్ చక్రాల డ్రమ్ముల్లో విద్యుదయస్కాంతాలుంటాయి. డ్రైవరు బ్రేకు తొక్కితే ట్రక్కులోని బ్రేక్ కంట్రోలర్ వాటికి కరెంటు పంపుతుంది. అయస్కాంతం తిరిగే డ్రమ్ముకు అంటుకుని, తనను పట్టుకున్న చేతిని లాగి, షూలను నొక్కుతుంది. కరెంటు, లైట్లు అన్నీ ఏడు పిన్నుల ప్లగ్గు గుండా పోతాయి. ట్రెయిలర్ ఊడిపోతే ట్రక్కుకు కట్టిన తీగ ఒక పిన్నును పెరికేస్తుంది, ట్రెయిలర్ సొంత బ్యాటరీ దాని బ్రేకులను వేసేస్తుంది. ఎంత బరువు నుంచి బ్రేకులు తప్పనిసరి అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: కాలిఫోర్నియాలో 1,500 పౌండ్లు, చాలా రాష్ట్రాల్లో 3,000. కాలిఫోర్నియాలో ట్రెయిలర్ లాగే బళ్లకు గరిష్ఠ వేగం 55 మైళ్లే.

పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు దాని గాలి తోపుకు ట్రెయిలర్ ఊగితే, కాలు తనంతట తానే ట్రక్కు బ్రేకు మీదికి పోతుంది. అదే తప్పు. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, కంట్రోలర్ మీటతో ట్రెయిలర్ బ్రేకులను మాత్రం వేయాలి. వెనక నుంచి లాగి పట్టినట్టై బండి సర్దుకుంటుంది. వెనక్కి నడపడానికి ఉన్న చిట్కా మాత్రం సులువు: చేయి స్టీరింగు అడుగున పెట్టి, ట్రెయిలర్ ఎటు పోవాలో అటే జరపాలి. మొదటిరోజు క్యాంపు మైదానంలో ఇరుగుపొరుగు చూస్తుండగా ఇది పనిచేస్తుందని హామీ లేదు.

అమెరికా బయట

ఐరోపాలో నొగ బరువు చాలా తక్కువ ఉంచుతారు, వేగమూ తక్కువే. జర్మనీలో ట్రెయిలర్ కట్టిన కార్లకు సాధారణ పరిమితి గంటకు 80 కిలోమీటర్లు. ఆస్ట్రేలియాలో ఇసుజు డి-మ్యాక్స్, టొయోటా హైలక్స్ వంటివి 3,500 కిలోల వరకు లాగవచ్చు. ఈ డి-మ్యాక్స్‌కు తోబుట్టువైన వీ-క్రాస్ 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీ కర్మాగారంలో తయారవుతోంది. ఇక్కడ మాత్రం దాని వెనక గది కట్టుకుని బయలుదేరేవారు అరుదు. భారతదేశంలో కారవాన్ అంటే ఎక్కువగా వ్యాన్‌నో మినీ బస్సునో ఇల్లుగా మార్చినదే.