గ్రూపు అనే గీత

ద్వారకా నగర్‌లో ఆర్టీసీ కాంప్లెక్సు దాటి నడుస్తుంటే, చేతిలో మార్కుల జాబితాలతో జెరాక్సు దుకాణాల ముందు నిలబడిన విద్యార్థులు కనిపిస్తారు. వారిని చూసినప్పుడల్లా మా చదువులు జ్ఞాపకం వస్తాయి.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు చేరింది. 1980లలో దాని పరిధిలో మేము చదివిన డిగ్రీకి మూడేళ్లు, మూడు భాగాలు: ఇంగ్లీషు, ద్వితీయ భాష, గ్రూపు. చరిత్ర-అర్థశాస్త్రం-రాజనీతి అనో, గణితం-భౌతికం-రసాయనం అనో చేరేనాడే గీత గీయాలి; మూడేళ్లూ దాని లోపలే నడవాలి. నా గీతను మా నాన్నగారు గీశారు. గ్రూపులో ఫస్టు క్లాసు వచ్చినా, ఇంగ్లీషు తప్పితే పట్టా లేదు. నా మిత్రుడొకడు ఆ ఒక్క పేపరూ నాలుగుసార్లు రాసి, విసిగి, ఓడరేవులో పనికి కుదిరాడు. అతడికి చరిత్ర నాకంటే బాగా వచ్చు.

2015-16లో సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చాయి. 2023-24లో మూడు సబ్జెక్టుల గ్రూపు పోయి, ఒక ప్రధాన విషయం, దానికి తోడుగా మరొకటి మిగిలాయి. ఎంపిక విద్యార్థిదే అంటారు. కాని కళాశాలలో అధ్యాపకుడున్న విషయాన్నే కదా ఎంచుకోగలిగేది!

ఇంతకీ, మీ గీత ఎవరు గీశారు?