కానుకా, కాలకూటమా?

ఆంగ్లంలో ‘గిఫ్ట్’ అంటే కానుక. అవే అక్షరాలు జర్మన్‌లో విషం. స్వీడిష్‌లో ఆ మాట నామవాచకమైతే విషం, విశేషణమైతే ‘పెళ్ళయిన’ అని అర్థం! (పలకడం మాత్రం ‘యిఫ్ట్’.) సంసారుల పరిహాసానికి ఇంతకన్నా సామగ్రి అక్కరలేదు.

మూడింటికీ మూలం ‘ఇచ్చు’ అనే అర్థం గల ప్రాచీన జెర్మానిక్ ధాతువు. ఆంగ్లపు ‘గివ్’, జర్మన్ ‘గేబెన్’ దాని సంతానమే. పెళ్ళి అర్థానికి దారి మనకు సులువుగానే తోస్తుంది. మనమూ ‘పిల్లనిచ్చాం’ అనే కదా అంటాం! పాత ఆంగ్లంలో ఈ మాటకు కన్యాశుల్కమని అర్థం, బహువచనంలో వివాహం. గురజాడవారు విని ఉంటే ముచ్చటపడేవారేమో. కానుక అన్న నేటి అర్థం, ఆ గకారంతో సహా, వైకింగుల భాష నుండి వచ్చింది.

మరి విషమెలా అయింది? గ్రీకు వైద్యులు రోగికిచ్చే మోతాదును ‘దోసిస్’ అన్నారు. దానికీ ‘ఇవ్వడం’ అనే అర్థం. మన ‘దానం’, లాటిన్ ‘దోనుమ్’ దాని దాయాదులు. నేటి ‘డోసు’ సాక్షాత్తూ అదే. జర్మనులు దానిని తమ మాటలోకి మార్చుకున్నారనీ, విషమని నోటితో అనలేక ‘ఇచ్చినది’ అని సరిపెట్టుకున్నారనీ నిఘంటుకారుల వాదం.

ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ దీనికి ఒప్పుకోలేదు. ఈ మాటనే రెండుసార్లు వ్రాసి శీర్షికగా పెట్టి, 1924లో ఒక చిన్న వ్యాసం ప్రకటించాడు. పూర్వపు జెర్మానిక్ తెగలలో కానుక తరచు పానీయమే. పాత్ర అందుకున్నవాడికి అందులో ఏముందో తెలియదు; త్రాగితే ఇచ్చినవాడికి కట్టుబడిపోతాడు. కానుకలోనే విషం పొంచి ఉన్నదన్నమాట. వైద్యుల పదం జనవ్యవహారంలో అలా పాతుకుపోతుందంటే ఆయనకు నమ్మశక్యం కాలేదు.

నాకు మాత్రం అది అసాధ్యమనిపించదు. మన ‘మందు’నే చూడండి. వైద్యుడిచ్చేదీ మందే, సారా దుకాణంలో దొరికేదీ మందే, చేలో పురుగులకు కొట్టేదీ మందే. ‘మందు త్రాగాడు’ అన్న వార్త పల్లెలో వినబడితే, ఏ మందని అడిగేలోపు గుండె జారిపోతుంది.

జర్మన్‌లో పాత అర్థం ఇప్పుడు ‘మిట్‌గిఫ్ట్’ అన్న సమాసంలో మిగిలింది. పెళ్ళికూతురి వెంట ఇచ్చేది, అనగా కట్నం. విషం నపుంసకలింగం కాగా, ఇది నేటికీ పాత స్త్రీలింగాన్నే నిలుపుకొన్నది.

కానుకకు జర్మనులు వాడే మాట ‘గెషెంక్’. అది ‘షెంకెన్’ అనే క్రియ నుండి పుట్టింది. ఆ క్రియకు తొలి అర్థం, పాత్రలో పానీయం పోసి ఇవ్వడం. ఈ ఒక్కచోట మోస్ మహాశయునికి కొంత బలం చిక్కిందని ఒప్పుకోక తప్పదు.