చర్చ్ స్ట్రీట్ ప్రయోగం
బెంగళూరులో బ్రిగేడ్ రోడ్డును, సెయింట్ మార్క్స్ రోడ్డును కలిపే వీధి చర్చ్ స్ట్రీట్. 2020 నవంబరు నుంచి 2021 ఫిబ్రవరి వరకు శని, ఆదివారాల్లో ఇక్కడ వాహనాలను ఆపి, వీధిని పాదచారులకు వదిలారు. కర్ణాటక పట్టణ భూరవాణా డైరెక్టరేట్ చేపట్టిన ఈ ప్రయోగంలో గాలి నాణ్యతను ఐఐఎస్‌సీ పరిశీలించింది. గడువు తీరాక వాహనాలు తిరిగొచ్చాయి.

చెన్నై పాండీ బజార్‌లోనూ మొదట వాహనాలను తాత్కాలికంగానే ఆపి చూశారు. ఆ తర్వాత కాలిబాటలను బాగా వెడల్పు చేసి, 2019 నవంబరులో ప్రారంభించారు. బారికేడ్లు తీసేయడం పూట పని; కట్టిన కాలిబాటను తవ్వడం అంత తేలిక కాదు.

పక్క వీధుల్లో రద్దీ, పార్కింగ్, దుకాణాలకు సరుకు రవాణా, అంబులెన్సులకు దారి... ఇలాంటి ప్రయోగాల్లో తేల్చాల్సినవి ఇవే. తేల్చకపోతే మూసివేత వారాంతపు సందడిగానే మిగిలిపోతుంది.