టోపీ వాళ్లది, కథ మనది



మొన్న మాటల్లో ఒక తమ్ముడు, "కృష్ణ గారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ ఇంగ్లీషు సినిమాకు కాపీ కదన్నా?" అన్నాడు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

మొదట ఆ "ఇంగ్లీషు" సంగతి. ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966) తీసిన సెర్జియో లియోనె ఇటలీవాడు. అందులో మనం అమెరికా అనుకునే ఎడారి స్పెయిన్‌లోది. అంతకుముందే 1962లో జర్మన్లు, తమ రచయిత కార్ల్ మై రాసిన నిధి వేట కథను యుగోస్లావియా సరస్సుల దగ్గర తీసి వెస్టర్న్‌గా ఆడించారు. ఆ కథ రాసేనాటికి ఆయన అమెరికాలో కాలే పెట్టలేదు! అంటే వాళ్లదీ అరువు టోపీయే.

మనవాళ్లు చేసిందేమిటి? పద్మాలయా వారి సినిమా 1971 ఆగస్టు 27న వచ్చింది. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. ఎడారి కోసం రాజస్థాన్ దాకా వెళ్లారు. గుర్రం, తుపాకీ, టోపీ బయటివే, ఒప్పుకుందాం. కానీ రచయిత ఆరుద్ర. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన ఆరుద్రే! లియోనె కథకు అమెరికా అంతర్యుద్ధం నేపథ్యమైతే, ఈయన తెల్లవాళ్లు మన సంస్థానాలను మింగుతున్న కాలాన్ని తీసుకున్నారు. అమరవీడు అనే సంస్థానం, దాని నిధి, ఆ నిధి కోసం ఒకరినొకరు మోసగించుకునే మనుషులు. చరిత్ర తెలిసినవాడు కాబట్టి అరువు టోపీ కింద మన తల పెట్టగలిగాడు.

ఆ కాలం మనకు ఎక్కడిదో కాదు. 1791లో కంపెనీ సేనలు హోసూరును, రాయకోటను పట్టుకున్నాయి. అదే ఏడు కృష్ణగిరి మీదికి వచ్చినవాళ్లు మాత్రం కొండమీది కోటను పట్టలేక వెనుదిరిగారు. మరుసటి ఏడు టిప్పు సుల్తాన్‌తో ఒప్పందం కుదిరి బారామహల్ కంపెనీ చేతికి పోయింది. ఇక్కడ 1799 దాకా శిస్తుల పని నేర్చుకున్న థామస్ మన్రో, 1800లో దత్తమండలాలకు వెళ్లి అక్కడి పాలెగాళ్లను అణిచాడు. గుర్రాలు, తుపాకులు, బండరాళ్ల గుట్టలు, కోటలు, దొరలు, పాలెగాళ్లు. ఒక కౌబాయ్ సినిమాకు ఇంకేం కావాలి?

లేనిదొక్కటే, ఆ కథ తెలుగులో చెప్పేవాళ్లు. 2023లో ఆ సినిమా మళ్లీ హాళ్లకు వచ్చింది. మన పిల్లలకు మాటలన్నీ అర్థమవుతాయి. తెరమీద పేర్లు పడితే మాత్రం "ఏం రాసుంది?" అని మనల్ని అడిగేవాళ్లే ఎక్కువ. బడిలో తెలుగు తగ్గిపోతే జరిగేది ఇదే. చదవడం రాని తరం రేపు ఆరుద్రలా రాయగలదా?

అందుకే నాదొక మనవి. కృష్ణగిరి, రాయకోట కోటల గురించి మీ అవ్వ, తాత చెప్పిన కథలేమైనా ఉంటే ఇక్కడ తెలుగులో నాలుగు వాక్యాలు రాయండి. తప్పులున్నా పరవాలేదు. ఆ నాలుగు వాక్యాలూ మీ పిల్లల చేత చదివించండి. మన నిధి అదే, దాన్ని ఇంకెవరూ వెతికి పెట్టరు.