లేజర్ లెవెల్ – పేటెంటు పరీక్ష

లేజరు కాంతితో మట్టం చూపే పరికరాన్ని లేజర్ లెవెల్ అంటారు. ఇటువంటి పరికరంపై పేటెంటు కోరుతూ వచ్చిన దరఖాస్తును చట్టప్రకారం పరిశీలించి, హక్కు ఇవ్వవచ్చునా, ఇస్తే ఎంతమేరకు ఇవ్వాలి అని నిర్ణయించే ప్రక్రియే పేటెంటు పరీక్ష. భారతదేశంలో ఇది 1970 నాటి పేటెంట్ల చట్టం, 2003 నాటి పేటెంట్ల నియమాల ననుసరించి జరుగుతుంది. పరికరం చక్కగా పనిచేస్తున్నదా అన్నది ఇందులో ప్రధానమైన ప్రశ్న కాదు. దరఖాస్తుదారు తనదని చెప్పుకొంటున్న దానిలో నిజంగా కొత్తది ఎంత అన్నదే అసలు ప్రశ్న. లేజర్ లెవెల్ లోని భాగాలు దాదాపు అన్నీ ముందే తెలిసినవి కావడం వలన ఈ ప్రశ్న ఇక్కడ మరింత ముఖ్యమవుతుంది.

పరికరం

తాపీ మేస్త్రీలు మట్టం చూడడానికి రసమట్టాన్ని, నీళ్ళు నింపిన పారదర్శక గొట్టాన్ని, నిలువు చూడడానికి తూకపు గుండును వాడుతారు. లేజర్ లెవెల్ ఈ పనులనే కాంతితో చేస్తుంది. లేజరు డయోడు నుండి వెలువడే సన్నని కాంతిపుంజాన్ని స్తూపాకారపు కటకం గోడపై గీతగా పరుస్తుంది. మరొక రకంలో, తిరుగుతూ ఉండే పట్టకం ఆ పుంజాన్ని చుట్టూ త్రిప్పి సమతలాన్ని ఏర్పరుస్తుంది. కొన్ని పరికరాలలో డయోడును లోలకానికి అమర్చుతారు. పరికరాన్ని కొద్దిగా ఒరిగించి పెట్టినా లోలకం భూమ్యాకర్షణ వలన నిలువుగానే వ్రేలాడుతుంది, కనుక గీత మట్టంగానే పడుతుంది. లోలకం ఊగిసలాట త్వరగా ఆగడానికి అయస్కాంతాలను వాడుతారు.

వ్యవసాయంలో పొలం చదును చేయడానికి కూడా ఇదే సూత్రాన్ని వాడుతారు. గట్టుపై నిలిపిన పరికరం నుండి వచ్చే కాంతిని ట్రాక్టరు వెనుక చదును పలకకు అమర్చిన గ్రాహకం అందుకొంటుంది. దానిని బట్టి పలక పైకి లేస్తుంది లేదా క్రిందికి దిగుతుంది. పొలమంతా ఒకే మట్టంగా ఉంటే నీరు సమానంగా పారి ఆదా అవుతుంది.

దరఖాస్తు, క్లెయిములు

దరఖాస్తుతో పాటు ఆవిష్కరణను పూర్తిగా వర్ణించే వివరణ పత్రాన్ని సమర్పించాలి. ఆ రంగంలో నైపుణ్యం గలవారు దానిని చదివి పరికరాన్ని తయారు చేయగలిగేటంత వివరంగా అది ఉండాలి. దరఖాస్తుదారుకు తెలిసిన అత్యుత్తమమైన పద్ధతిని అందులో దాచకుండా చెప్పాలి. పత్రం చివర ఉండే అంశాలవారీ వాక్యాలను క్లెయిములు అంటారు. పొలానికి సరిహద్దు రాళ్ళు ఎటువంటివో పేటెంటుకు క్లెయిములు అటువంటివి. హక్కు ఎక్కడి వరకు అన్నది అవే నిర్ణయిస్తాయి.

ఉదాహరణకు మూడు క్లెయిములను ఊహించవచ్చు.

1. లేజరు కాంతితో మట్టాన్ని చూపే సాధనం.
2. రసమట్టం, దానిపై బిగించిన లేజరు దీపం కల సాధనం.
3. లోలకానికి అమర్చిన లేజరు డయోడు, పరంజాపై కలిగే కంపనాన్ని గ్రహించి లోలకపు ఊగిసలాటను అణచే ఒక ప్రత్యేకమైన అమరిక కల సాధనం.

మొదటి దానిని అంగీకరిస్తే లేజర్ లెవెళ్ళన్నీ ఒకరి సొత్తవుతాయి. మూడవ దానిని అంగీకరిస్తే ఆ అమరిక మాత్రమే రక్షణ పొందుతుంది, తక్కిన తయారీదారులు తమ పద్ధతులలో పరికరాలు చేసుకోవచ్చు. పరీక్ష యావత్తు ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

పరీక్ష దశలు

దరఖాస్తును సాధారణంగా 18 నెలల తరువాత పేటెంటు కార్యాలయపు పత్రికలో ప్రచురిస్తారు. పరీక్ష దానంతట అదే మొదలు కాదు, అందుకోసం విడిగా అభ్యర్థన పెట్టాలి. ఈ గడువు పూర్వం 48 నెలలు. 2024 మార్చిలో నియమాలను సవరించి, ఆ తరువాత వచ్చే దరఖాస్తులకు 31 నెలలుగా కుదించారు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ వాసుల దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోనికి వస్తాయి.

పరీక్షాధికారి ముందుగా పూర్వజ్ఞానాన్ని వెదకుతారు. దరఖాస్తు తేదీకి ముందే లోకానికి తెలిసిన పేటెంట్లు, పుస్తకాలు, పత్రికలు, వాడుకలో ఉన్న వస్తువులు అన్నీ పూర్వజ్ఞానం క్రిందికే వస్తాయి. వెదకడానికి అంతర్జాతీయ పేటెంటు వర్గీకరణ తోడ్పడుతుంది. అందులో సర్వే పరికరాలకు జి01సి 15, వాలును కొలిచే సాధనాలకు జి01సి 9 అనే విభాగాలు ఉన్నాయి. తరువాత అభ్యంతరాలతో మొదటి పరీక్షా నివేదిక పంపుతారు. ఆరు నెలలలోగా దరఖాస్తుదారు సమాధానమివ్వాలి. కోరితే మరి మూడు నెలల గడువు లభిస్తుంది. క్లెయిములను సవరించుకోవచ్చు, కాని మొదటి పత్రంలో లేని విషయాన్ని కొత్తగా చేర్చరాదు.

నవ్యత, ఆవిష్కరణాత్మకత

నవ్యత పరీక్షలో ఒక క్లెయిములోని లక్షణాలన్నీ ఒకే పూర్వపత్రంలో కనిపిస్తున్నవా అని చూస్తారు. పై ఉదాహరణలో మొదటి క్లెయిము ఇక్కడే వీగిపోతుంది.

రెండవ క్లెయిములోని కలయిక ఏ ఒక్క పత్రంలోను లేదనుకొన్నా సరిపోదు. చట్టంలోని సెక్షను 3(ఎఫ్) ప్రకారం, తెలిసిన సాధనాలను ప్రక్కప్రక్కన చేర్చి, దేని పని అది పూర్వం వలెనే చేసుకొనేటట్లు అమర్చడం ఆవిష్కరణ కాదు. రసమట్టం తన పని తాను, దీపం తన పని తాను చేస్తున్నపుడు కలయిక వలన కొత్త ఫలితమేమీ రాలేదు.

మూడవ క్లెయిముకు సెక్షను 2(1)(జెఎ) వర్తిస్తుంది. దీని ప్రకారం ఆవిష్కరణలో సాంకేతికమైన పురోగతి గాని, ఆర్థిక ప్రాధాన్యం గాని, రెండూ గాని ఉండాలి. అంతేకాక అది ఆ రంగంలో నైపుణ్యం గల వ్యక్తికి సులభంగా తట్టేది కాకూడదు. ఇక్కడ పరీక్షాధికారి ఒక పొరపాటుకు లోను కాకుండా జాగ్రత్త పడాలి. జవాబు తెలిసిన తరువాత ప్రతి లెక్కా తేలికగానే కనిపిస్తుంది. కనుక దరఖాస్తు తేదీకి ముందున్న జ్ఞానంతోనే ఆలోచించి, ఆ మార్గం ఎవరికైనా తట్టి ఉండేదా అని నిర్ణయించాలి.

ముఖ్యమైన తీర్పులు

విశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ – హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ కేసులో భారత సుప్రీంకోర్టు 1978 డిసెంబరు 13న ఇచ్చిన తీర్పు ఈ విషయంలో ప్రామాణికమైనది. లోహపు పాత్రలను లేతు మిషనుపై చెక్కేటపుడు పట్టి ఉంచే సాధనంపై ఉత్తర ప్రదేశ్ లోని మీర్జాపూరుకు చెందిన సంస్థ పేటెంటు పొందింది. అది కేవలం పనిశాలలో జరిగే మామూలు మెరుగుదల అని, పేటెంటుకు తగిన ఆవిష్కరణ కాదని న్యాయస్థానం నిర్ణయించింది. పేటెంటు మంజూరు అయినంత మాత్రాన దాని చెల్లుబాటుకు పూచీ లేదని కూడా స్పష్టం చేసింది.

అమెరికాలో 2007 ఏప్రిల్ 30న కె.ఎస్.ఆర్. – టెలిఫ్లెక్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇటువంటి భావననే వ్యక్తం చేసింది. అది కారు పెడలుకు ఎలక్ట్రానిక్ సెన్సరును జోడించిన కేసు. తెలిసిన భాగాలను తెలిసిన రీతిలో కలిపి, ఊహించగలిగిన ఫలితమే పొందితే అది సాధారణంగా పేటెంటుకు అర్హం కాదని తీర్పు సారాంశం.

తేదీ ప్రాముఖ్యం

లేజరు చరిత్రలోనే తేదీల వలన వచ్చిన పెద్ద వివాదం ఉన్నది. అమెరికా శాస్త్రవేత్త గోర్డన్ గూల్డ్ 1957 నవంబరులో తన ఆలోచనలను నోటుపుస్తకంలో వ్రాసి ధృవీకరింపజేశాడు. అయితే పేటెంటుకు ముందు పనిచేసే నమూనా తయారు చేయాలని పొరబడి, 1959 ఏప్రిల్ వరకు దరఖాస్తు చేయలేదు. ఈలోగా 1958 జూలైలో దరఖాస్తు చేసిన చార్లెస్ టౌన్స్, ఆర్థర్ షాలోలకు 1960 మార్చిలో పేటెంటు లభించింది. గూల్డ్ కు లేజరుకు సంబంధించిన తొలి ముఖ్య పేటెంటు అమెరికాలో 1977లో గాని రాలేదు. అప్పటి అమెరికా చట్టంలో గడువును మంజూరు తేదీ నుండి 17 సంవత్సరాలుగా లెక్కించేవారు. అందువలన లేజర్లు పరిశ్రమలలో విస్తరించిన కాలంలో తయారీదారులు అతనికి రాయల్టీలు చెల్లించవలసి వచ్చింది.

భారతదేశంలో దరఖాస్తుకు ముందే పరికరాన్ని అమ్మినా, ప్రచురించినా నవ్యత పోతుంది. ప్రభుత్వం ప్రకటించిన ప్రదర్శనలో చూపితే మాత్రం 12 నెలల లోపు దరఖాస్తు చేసుకొనే అవకాశం ఉన్నది. ఈ నియమం తెలియక ముందుగా అందరికీ చూపిన ఆవిష్కర్త తన హక్కును కోల్పోవచ్చు.

ప్రజల అభ్యంతరాలు

ప్రచురణ జరిగిన తరువాత, మంజూరుకు ముందు, ఎవరైనా సెక్షను 25(1) క్రింద అభ్యంతరం తెలుపవచ్చు. ఇందుకు వీలుగా ప్రచురణ తేదీ నుండి ఆరు నెలలు గడిచే వరకు పేటెంటు మంజూరు చేయరు. ఆ పరికరం ఇదివరకే వాడుకలో ఉన్నదని మేస్త్రీగాని, రైతుగాని, విద్యార్థిగాని ఆధారాలతో చూపవచ్చు. పుస్తకాలకెక్కని సంప్రదాయ జ్ఞానం కూడా అభ్యంతరానికి ఆధారమవుతుంది. మంజూరు ప్రకటన తరువాత ఒక సంవత్సరం వరకు, సంబంధం ఉన్న వ్యక్తులు మాత్రమే అభ్యంతరం చెప్పగలరు.

నిర్ణయం, గడువు

అభ్యంతరాలు తొలగితే కంట్రోలరు పేటెంటు మంజూరు చేస్తారు. లేనియెడల, దరఖాస్తుదారు కోరితే వాదన విన్న పిమ్మట నిరాకరిస్తారు. దీనిపై అప్పీళ్ళను పూర్వం మేధోసంపత్తి అప్పీళ్ళ బోర్డు వినేది. 2021లో ఆ బోర్డును రద్దు చేయడంతో అవి హైకోర్టులకు బదిలీ అయ్యాయి. పేటెంటు గడువు దరఖాస్తు తేదీ నుండి 20 సంవత్సరాలు. నిర్ణీత రుసుములు చెల్లించకపోతే అది ముందే రద్దవుతుంది. గడువు తీరిన తరువాత వివరణ పత్రాన్ని చదివి ఎవరైనా ఆ పరికరాన్ని తయారు చేసుకోవచ్చు. ఆవిష్కర్తకు కొంతకాలం హక్కు ఇచ్చినందుకు సమాజానికి దక్కే ప్రతిఫలం ఇదే. అందుచేతనే వివరణ పత్రం సమగ్రంగా ఉన్నదా అన్న విషయాన్ని కూడా పరీక్షలో నిశితంగా చూస్తారు.