స్థూలకాయ శస్త్రచికిత్స

ఆహారనియమము, వ్యాయామము, ఔషధములు ఫలింపని మిక్కిలి స్థూలకాయులకు జఠరపు పరిమాణమునో, అన్నము ప్రేగులలో సాగు మార్గమునో మార్చి బరువు తగ్గించుటకై చేయు చికిత్సలను వైద్యులు బేరియాట్రిక్ సర్జరీ యందురు. గ్రీకున ‘బారోస్’ అనగా బరువు. కొవ్వును పీల్చివేయు లైపోసక్షన్‌ను దీనితో కలిపి మాటాడుట పొరపాటు: అది ఆకారమును దిద్దును, ఇది ఆకలినే మార్చును.

1954లో అమెరికాలోని మిన్నెసోటాలో క్రెమెన్, లిన్నర్ ప్రభృతులు అన్నము చిన్నప్రేగులో అధికభాగమును తప్పించుకొని సాగునట్లు చేయు పద్ధతిని ప్రకటించిరి. రోగులు చిక్కిరి గాని, విడువని విరేచనములును, మూత్రపిండములలో రాళ్లును, కాలేయవ్యాధియు వెంటబడుటచే ఆ పద్ధతి కాలక్రమమున విడువబడెను. అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్, కడుపుపుండ్లకై జఠరమును కొంత తొలగించినవారు మరల లావెక్కకుండుట గమనించి, 1966లో గ్యాస్ట్రిక్ బైపాసునకు శ్రీకారము చుట్టెను.

నేడు ప్రధానముగా ఎన్నుకొనవలసినది రెండింటి నడుమ. స్లీవ్ పద్ధతిలో జఠరమున ముప్పాతికకు మించి కోసి తీసివేసి, అరటికాయవంటి సన్నని గొట్టమును మాత్రము మిగిల్తురు. ఆకలి పుట్టించు గ్రెలిన్ అను హార్మోను అధికముగా ఊరు భాగము దానితో పోవుటచే ఆకలియు తగ్గును, కాని తీసిన జఠరము తిరిగి రాదు. బైపాసులో జఠరమును తీసివేయక, పైకొసన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిరుసంచిని వేరుచేసి దానిని చిన్నప్రేగునకు కలుపుదురు. మధుమేహులలో బరువు తగ్గకమునుపే, కొన్ని దినములలోనే, రక్తమందలి చక్కెర దిగివచ్చుట దీని విశేషము. ఫిన్లాండు దేశమున 240 మందిని ఈ రెండు వర్గములుగా విభజించి పదేండ్లు పరిశీలింపగా, అధికముగానున్న బరువులో స్లీవువారు మధ్యగతపు లెక్కన 43.5 శాతమును, బైపాసువారు 50.7 శాతమును కోల్పోయిరి. అన్నవాహిక వాపు మాత్రము మొదటివారిలో 31 శాతమునకు, రెండవవారిలో 7 శాతమునకు కనబడెను. కావున పులిత్రేన్పులు, గుండెమంట ముందే ఉన్నవారు స్లీవునకు తొందరపడరాదు. జఠరమునకు పట్టీ బిగించు పద్ధతి ఒకప్పుడు విరివిగా సాగి, పట్టీ జారుటచేతను మరల మరల కోతలు తప్పకపోవుటచేతను వెనుకబడినది.

కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గముచే భాగింపగా 35 గాని అంతకు మించి గాని వచ్చినవారికి ఈ చికిత్స తగునని 2022 నాటి అంతర్జాతీయ సూచనలు చెప్పుచున్నవి. తక్కువ బరువుననే మధుమేహము పాలగు ఆసియావాసులకు ఆ మేర 27.5.

కోత గంటలలో ముగియును. దానితో కాపురము జీవితాంతము. తొలుత ద్రవములు, పిదప మెత్తగా మెదిపిన పదార్థములు, నెల దాటిన తరువాత మామూలు ఆహారము. అర ఇడ్లీని నమిలి నమిలి పావుగంటకు ముగించి ‘ఇక చాలు’ అనువానిని చూచి ఇంటివారు బెంగపడుదురు గాని, ఆ దశలో అదియే తగిన కొలత. భోజనముతో నీరు త్రాగరాదు. దినమునకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు కావలెను. ఒక కోడిగ్రుడ్డులో ఆరు గ్రాములే! కావున పచ్చడన్నముతో మొదలై చారన్నముతో సాగు మన విస్తరి వరుస తలక్రిందులు కావలెను: పప్పు, గ్రుడ్డు, పెరుగు ముందు, అన్నము చోటున్న పిదప. బైపాసు పిమ్మట ఒక లడ్డు తిన్నను చెమటలు పట్టి, గుండె దడదడలాడి, పడక చేరవలసి రావచ్చును. మూడు నాలుగు నెలలకు జుట్టు రాలుట సాధారణమే, చాలమందికి మరల మొలచును. వ్రేలాడు చర్మము మాత్రము తానై బిగియదు. స్త్రీలు సంవత్సరము మొదలు ఏడాదిన్నర వరకు గర్భధారణను వాయిదా వేయవలెను. బి12, డి విటమినులు, ఇనుము, కాల్షియము ఆయుష్పర్యంతము వాడి, రక్తపరీక్షలు చేయించుకొనుచుండవలెను. మొదటి రెండేండ్ల తరువాత వీనిని మానివేయుటయు, బరువు కొంత తిరిగి వచ్చుటయు తరచు కలిసియే కనబడును.

బైపాసు చేయించుకొన్నవారు ఒంటినొప్పులకు మందుల దుకాణమున అడిగి తెచ్చుకొను డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కొత్తగా కలిపిన చోట పుండు పుట్టింపగలవు. పంటినొప్పికి పోయినను, మోకాలినొప్పికి పోయినను, తమకు జరిగిన శస్త్రచికిత్స సంగతి వైద్యునికి ముందుగా చెప్పవలెను.