గుండె సడలే క్షణం

గుండె ముడుచుకున్నప్పుడు రక్తం ఒళ్లంతా ప్రవహిస్తుంది. గుండె కండరానికి మాత్రం, ముఖ్యంగా ఎడమ జఠరికకు, రక్తం ఎక్కువగా అందేది అది సడలినప్పుడే. ముడుచుకున్న కండరం తనలోని నాళాలను తానే నొక్కేస్తుంది మరి. ఊరందరికీ నీళ్లు తోడిపోసి, చేద దించాక గుక్కెడు తాగే మనిషి తీరు దానిది.

ఈ విరామం విలువను 1953లో ఇద్దరు అన్నదమ్ములు గుర్తించారు: శస్త్రవైద్యుడు ఏడ్రియన్ కాంట్రోవిట్జ్, భౌతికశాస్త్రవేత్త ఆర్థర్ కాంట్రోవిట్జ్. నాడి ఒత్తిడిని కాస్త ఆలస్యంగా హృదయధమనులకు చేరిస్తే వాటిలో ప్రవాహం పెరుగుతుందని ప్రయోగాలతో చూపారు. ఆలోచన దొరికింది గానీ సాధనం దొరకలేదు. 1962లో మౌలోపౌలోస్, టోపాజ్, కోల్ఫ్‌లు క్లీవ్‌లాండ్‌లో ఒక దారి చూపారు. (యుద్ధకాలపు హాలెండ్‌లో కృత్రిమ మూత్రపిండాన్ని నిర్మించిన కోల్ఫే ఈయన.) సన్నని గొట్టం కొసన బెలూన్ అమర్చి బృహద్ధమనిలోకి పంపారు. గుండె సడలగానే అది ఉబ్బి రక్తాన్ని వెనక్కి, హృదయధమనుల వైపు నెడుతుంది. గుండె ముడుచుకోబోయే ముందు చప్పున కుంచించుకుపోయి దాని భారం తగ్గిస్తుంది.

1967లో బ్రూక్లిన్‌లోని మైమొనిడీస్ ఆసుపత్రిలో ఏడ్రియన్ దీనిని తొలిసారి రోగులకు వాడారు. బెలూన్ నింపడానికి హీలియం ఎంచుకున్నారు. తేలికైన వాయువు కనుక సన్నని గొట్టంలో వేగంగా వెళ్లి వస్తుంది. గుండెపోటుతో రక్తపోటు పడిపోయిన ఒక స్త్రీ కోలుకుంది. అదే ఏడాది డిసెంబరులో ఆయన ఒక పసికందుకు గుండె మార్పిడి చేశారు. బిడ్డ కొన్ని గంటలే బతికింది. పత్రికలు మాత్రం దానినే పతాక శీర్షికలకెక్కించాయి.

క్లీవ్‌లాండ్‌లో ఫవలోరో కాలి సిరతో బైపాస్ శస్త్రచికిత్సలు మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. ఆ చికిత్సలో గండం హార్ట్‌లంగ్ యంత్రాన్ని ఆపే క్షణం. అలసిన గుండె బరువు ఎత్తుకోలేకపోతే బెలూన్ కొన్ని గంటలో, రోజులో గడువు ఇప్పిస్తుంది. 1980 ప్రాంతంలో కోతతో పనిలేకుండా గజ్జలో సూదిపోటుతోనే గొట్టం ఎక్కించడం సాధ్యమయ్యాక, దాని వాడకం ఎంతో విస్తరించింది.

పరీక్ష మాత్రం ఆలస్యంగా వచ్చింది. 2012లో జర్మనీలో, గుండెపోటుతో షాక్‌లోకి వెళ్లిన 600 మందిపై జరిగిన అధ్యయనంలో, 30 రోజుల్లో మరణించినవారు బెలూన్ పెట్టినవారిలో 39.7 శాతం, పెట్టనివారిలో 41.3 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. దశాబ్దాల అలవాటుకు అది గట్టి దెబ్బే. అయితే అది గుండెపోటు షాక్‌పై వచ్చిన తీర్పు. బైపాస్ బల్లమీద యంత్రాన్ని వదలలేని గుండెకు దాన్ని యథాతథంగా అన్వయించడం తొందరపాటు. ఏడ్రియన్ ఆ ఫలితం చూడలేదు. 2008లోనే కన్నుమూశారు.